పిల్లల మనోవర్తి రాష్ట్రం దాటితే వసూలు కాదా? కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

తండ్రి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నప్పుడు, కోర్టు పిల్లలకు మంజూరు చేసిన మనోవర్తి చేతికి అందని పరిస్థితిని, జిల్లా కోర్టులో కుటుంబ కేసులు చూసే న్యాయవాదిగా మీ దృష్టికి తెస్తున్నాను.

పైకి చూస్తే చట్టంలో లోటేమీ కనిపించదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం తల్లి తాను నివసించే జిల్లాలోనే మనోవర్తి పిటిషన్ వేసుకోవచ్చు. వచ్చిన ఉత్తర్వును, 147వ సెక్షన్ కింద, తండ్రి దేశంలో ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు అమలు చేయవచ్చు.

జరిగేది వేరు. ఇక్కడి వారంటు బెంగళూరుకో పుణెకో వెళ్లి, కొన్ని వారాల తర్వాత ‘సదరు వ్యక్తి ఈ చిరునామాలో లేడు’ అన్న ఎండార్స్‌మెంటుతో తిరిగొస్తుంది. అతను మారింది అద్దె ఇల్లు మాత్రమే. ఉద్యోగం అదే, ఒకటో తారీఖున జీతం పడే ఖాతా అదే. అయినా కొత్త చిరునామా కనుక్కొని మళ్లీ మెమో వేయవలసిన భారం తల్లిదే. వారంటు పట్టుకెళ్లే కానిస్టేబుల్ దారి ఖర్చులు కూడా ఆమె నెత్తిన పడిన సందర్భాలు చూశాను. ఈలోగా కాలం ఆమెకు ఎదురు తిరుగుతుంది: బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఆ సొమ్ముకు వారంటు జారీ చేయరాదని, మనోవర్తి హక్కు ఇచ్చే ఆ సంహితలోని 144వ సెక్షనే అంటోంది. పరుగు పెట్టించినవాడికి ఆ గడువు రక్షణ కవచమవుతోంది. ఒకవేళ దొరికినా, ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. ఉద్యోగస్థుణ్ని జైల్లో పెట్టి జీతం ఆపితే బిడ్డకు ఒరిగేదేమిటో నాకు ఏనాడూ బోధపడలేదు.

అమెరికాలో ఈ విషయంలో ఏ రాష్ట్రం చట్టం దానిదే. తండ్రి బాధ్యత చాలాచోట్ల బిడ్డకు 18 ఏళ్లు వచ్చేవరకు ఉంటే, న్యూయార్క్‌లో 21 వరకు ఉంటుంది. కాలిఫోర్నియాలోనైతే ఆ బాధ్యత 18కి ముందే ముగియవచ్చు: 14 ఏళ్లు నిండి, పెద్దల సమ్మతితో వేరుగా ఉంటూ తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకునే మైనరు, తల్లిదండ్రుల అధీనం నుంచి విముక్తి ప్రకటించమని కోర్టును కోరవచ్చు. ఇన్ని తేడాలున్నా, 1996 నాటి సమాఖ్య చట్టం ఒత్తిడితో అన్ని రాష్ట్రాలూ ఒకే నమూనా చట్టాన్ని ఆమోదించాయి. దాని ప్రకారం బాధ్యత ఎప్పుడు ముగియాలో తేల్చేది మొదట ఉత్తర్వు ఇచ్చిన రాష్ట్ర చట్టమే, కాబట్టి న్యూయార్క్ ఉత్తర్వున్న తండ్రి టెక్సస్‌కు మకాం మార్చినా 21 ఏళ్ల బాధ్యత తప్పించుకోలేడు. అంతకన్నా ముఖ్యంగా, జీతంలో కోత ఉత్తర్వును మరో రాష్ట్రంలోని యజమానికి, అక్కడి కోర్టు గడప తొక్కకుండానే, నేరుగా పంపవచ్చు. మనకు దేశమంతటికీ చట్టం ఒక్కటే. వసూలు చేసే ఈ దారి మాత్రం లేదు.

కొత్తగా కనిపెట్టవలసిన అవసరం కూడా లేదు. 2005 నాటి గృహహింస చట్టంలోని 20(6) సెక్షన్, జీతంలో కొంత భాగాన్ని నేరుగా బాధితురాలికి చెల్లించమని యజమానిని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. మనోవర్తి ఉత్తర్వును, డబ్బు చెల్లించమని సివిల్ కోర్టు ఇచ్చే డిక్రీలా అమలు చేయవచ్చని రజనీశ్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ దారిలో వెళ్లాలంటే మరో పిటిషను, మరిన్ని వాయిదాలు. అదే 20(6) అధికారాన్ని 144వ సెక్షన్‌లోనే చేర్చి, ఏ రాష్ట్రంలోని యజమానికైనా పంపగల ఒకే ఫారాన్ని నిర్దేశించండి. యజమాని ఎవరో తల్లి కనుక్కోలేనప్పుడు, కోర్టు అడిగితే ఆ వివరం ఇవ్వవలసిన బాధ్యతను భవిష్య నిధి సంస్థపై పెట్టండి.

వయసు సంగతి కూడా చూడండి. 144వ సెక్షన్ కింద ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి 18 నిండాక మనోవర్తి దొరకడం కష్టం. పెళ్లికాని కూతురికి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కొంత ఊరటనిస్తుంది. కొడుక్కి అదీ లేదు. మన దగ్గర 18 ఏళ్లంటే ఇంటర్ ముగిసి, డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో మొదటి సంవత్సరం ఫీజు కట్టవలసిన సమయం. చదువు కొనసాగుతున్నంత కాలం, ఒక గరిష్ఠ వయసుకు లోబడి, మనోవర్తి పొడిగించే విచక్షణను కోర్టుకు ఇవ్వాలి.

వీటన్నిటికీ సమయం పడుతుందనుకుంటే, పిల్లల బకాయిలకు ఆ ఏడాది గడువునైనా ముందుగా తొలగిస్తూ సవరణ బిల్లు తీసుకురావాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక జిల్లా కోర్టు న్యాయవాది