ఆగమంటే ఆగే మిషన్లు కావాలి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక, కర్మాగారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో కంట్రోల్ ప్యానెళ్ల వైరింగ్ నా వృత్తి. గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల నుంచీ జిన్నింగ్ మిల్లుల నుంచీ కూడా పిలుస్తుంటారు. మీకు చెప్పాలనుకున్నది ఒకటే: తనిఖీకి వచ్చేవాళ్లు రిజిస్టర్లు చూసి వెళ్లకుండా, మిషన్‌ను ఆపి చూడాలి.

ఆటోనగర్ షెడ్లలో వాషర్లు, క్లాంపులు కొట్టే పవర్ ప్రెస్సుల్లో పాతకాలపు కీ క్లచ్‌వి ఇంకా ఉన్నాయి. పెడల్ తొక్కగానే క్లచ్ పట్టుకుంటుంది. ఇక రామ్, అంటే దెబ్బ కొట్టే దిమ్మ, కిందికి దిగి, మళ్లీ పైకి వెళ్లేదాకా దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మోటారుకి కరెంటు తీసేసినా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఊపు ఆ దెబ్బ కొట్టించే తీరుతుంది. అలాంటి ప్రెస్సుకి పసుపు డబ్బాలో ఎర్ర బటన్ బిగించి ‘ఎమర్జెన్సీ స్టాప్ కలదు’ అని రాసుకోవడం ఉత్త అలంకారం. దానికి కావాల్సింది రేకు పెట్టే అచ్చు, అదే డై, చుట్టూ వేలు దూరని గార్డు.

ఫ్రిక్షన్ క్లచ్ ఉన్న ప్రెస్సు మధ్యలో ఆగగలదు, కాబట్టి రెండు చేతులతో నొక్కితేనే కదిలించే బటన్లు దానికి పనికొస్తాయి. కానీ పీసుకింత అని కూలి ఇచ్చే చోట ఒక బటన్‌కి టేపు వేసేసి, రెండో చేత్తో రేకు తోస్తుంటారు. చెయ్యి నలిగితే తప్పంతా ప్రెస్సు నడిపే కుర్రాడిదే అంటారు. సర్క్యూట్ సరిగ్గా ఉంటే ఆ టేపు ఎందుకూ పనికిరాదు. రెండు బటన్లూ అరసెకను తేడాలోపే నొక్కాలి, ప్రతి దెబ్బ తర్వాతా రెండూ వదలాలి. లేకపోతే ప్రెస్సు కదలదు. ఈ పద్ధతి మిషన్ల భద్రతా ప్రమాణాల్లో ఎప్పటినుంచో ఉంది.

ఇంకో సంగతి బయటికి కనిపించేది కాదు. మోటారుకి కరెంటు కలిపి, తీసే పెద్ద స్విచ్ని కాంటాక్టర్ అంటాం; దాని లోపలి పాయింట్లు వేడికి అతుక్కుపోవడం మా పనిలో మామూలే. అప్పుడు స్టాప్ నొక్కినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. నిన్నటిదాకా బుద్ధిగా ఆగిన మిషనే ఇవాళ మాట వినదు. ఐఈసీ 61508, ఐఎస్‌ఓ 13849 వంటి అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు పుట్టింది ఇలాంటి వాటి కోసమే. ప్రమాదం ఎంత పెద్దదైతే రక్షణ అంత నమ్మకంగా ఉండాలని ఒకటి ఎస్‌ఐఎల్ అనే పేరుతో 1 నుంచి 4 దాకా, ఇంకొకటి పీఎల్ అనే పేరుతో ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా మెట్లు పెట్టాయి. చేతులు పోయే మిషన్ దగ్గర ఏదో ఒక భాగం చెడినంత మాత్రాన రక్షణ పోకూడదు, చెడిన సంగతి మళ్లీ స్టార్ట్ చేసేలోపే బయటపడాలి. మా భాషలో చెప్పాలంటే వరుసగా రెండు కాంటాక్టర్లు, వాటిని కనిపెట్టుకుని ఉండే ఒక సేఫ్టీ రిలే. ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు.

ఇక గుంటూరు. కోల్డ్ స్టోరేజీ కూడా కర్మాగారమేనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. సరుకు లిఫ్టు ఆ అంతస్తుకి రాకుండా గేటు తెరుచుకోకూడదు, గేటు పడకుండా లిఫ్టు కదలకూడదు, ఆరు నెలలకోసారి పరీక్ష జరగాలి అని ఆ చట్టం 28వ సెక్షన్‌లో ఉండేది. జరిగేదేమిటంటే, గేటు మూసుకుందో లేదో చూసే లిమిట్ స్విచ్ చెమ్మకి తుప్పు పడుతుంది, సీజన్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీల మీద ఎదురుచూస్తుంటాయి, ఎవరో ఒకరు ‘డైరెక్ట్ చేసెయ్’ అంటారు. రెండు టెర్మినళ్ల మధ్య బెత్తెడు వైరు ముక్క పెడితే గేటు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. సీజన్ అయిపోయినా ఆ ముక్క అక్కడే ఉంటుంది. చీకట్లో బస్తా నెట్టుకుంటూ వచ్చే హమాలీకి ముందు లిఫ్టు ఉందో గొయ్యి ఉందో తెలియదు.

ఆ పాత చట్టం స్థానంలో కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల మీద కొత్త కోడ్ 2025 నవంబరు 21 నుంచి వచ్చింది. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేది కాస్తా ఇరవై మందికి పెరిగింది. ఆటోనగర్‌లో చిన్న షెడ్లే ఎక్కువ. షెడ్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని ప్రెస్సు వేళ్లు తీయదు కదా! కొత్త మిషన్ల భద్రత కోసం కేంద్ర భారీ పరిశ్రమల శాఖ 2024 ఆగస్టులో ఒక ఉత్తర్వు తెచ్చి, ఏడాదికి అమలు కావాల్సిన దాన్ని 2026 సెప్టెంబరుకి జరిపింది. అయినా అది తయారీ, దిగుమతుల సంగతి. ఇక్కడ చేతులు మారుతూ వచ్చే పాత ప్రెస్సులు దాని కంట పడవు. కాబట్టి ఆ పాతవాటి బాధ్యత రాష్ట్రమే తీసుకోవాలి. షెడ్డు ఎంత చిన్నదైనా ప్రెస్సుకి గార్డు తప్పనిసరి చేయండి, చిన్న యజమానికి దానికోసం అప్పో రాయితీయో ఇప్పించండి.

ప్రమాదం జరిగినప్పుడు నివేదికలో ‘కార్మికుడి అజాగ్రత్త’ అని రాసి మూసేయడం కూడా మాన్పించాలి. అక్కడ ఏ రక్షణ ఉండాల్సింది, అది ఎందుకు పనిచేయలేదు అన్న ప్రశ్నకి జవాబు రాయకుండా ఆ ఫైలు మూతపడకూడదు.

సీజన్లో టిక్కీలు దిగడం మొదలుకాకముందే గుంటూరు కోల్డ్ స్టోరేజీల లిఫ్టులతో ఈ పని ఆరంభించమని నా మనవి. లిఫ్టును పై అంతస్తుకి పంపి, కింద గేటు లాగి చూడమనండి. ఒక్కోదానికి పావుగంట కూడా పట్టదు.

ఇట్లు,
విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్