తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సంపాదకుల వారికి,

చెన్నైలో స్థిరపడిన మా సూళ్లూరుపేట వాళ్లం కొందరం పోయిన నెల పెరంబూరులో ఒకరింటి మిద్దె మీద కూడాం. ఊళ్లో మా వీధి క్లబ్బు పాడుబడింది, ఏదో ఒకటి చేయాలన్నారు. కాఫీలయ్యేలోపే 40 వేలు పోగయ్యాయి. ముందు ఆర్చి కట్టిద్దామని ఒకరు, దాతల పేర్లు చెక్కిన రాయి పెట్టిద్దామని ఇంకొకరు. అసలు తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాను. ఎవరికీ తెలియదు.

క్లబ్బంటే పెద్దదేమీ కాదు. ఒక హాలు, ముందు అరుగు. మా నాన్న సాయంత్రాలు అక్కడే ఉండేవాడు. అన్నానికి పిలుచుకు రమ్మని అమ్మ నన్ను తోలేది. ఆడపిల్లకి లోపల పనేముంది? గడప దగ్గరే నిలబడి, బల్ల అంచున ఉన్న వారపత్రికను తలకిందులుగా చదివేదాన్ని. ఆ విద్య ఇప్పటికీ పోలేదు. 1980 జులై 18 పొద్దున ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ శ్రీహరికోట నుంచి లేచినప్పుడు మాత్రం ఆడామగా అంతా ఆ క్లబ్బు మిద్దె మీదే ఉన్నాం. అంతకు ముందు ఏడాది వదిలింది సముద్రంలో పడింది కదా, ఒకటే టెన్షన్.

రోజూ క్లబ్బు తలుపు తీసింది కమిటీ కాదు, ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన. బొగ్గులు రాజేసి, అవి అంటుకునేలోపు హాలు ఊడ్చి, పేపరు తెచ్చి బల్ల మీద పరిచేవాడు. జీతం లేదు. రాత్రిపూట బండి అరుగు మీద పెట్టుకోనిచ్చేవాళ్లు, అంతే. కొడుక్కి శ్రీసిటీలో ఉద్యోగం వచ్చాక వాళ్లు తడకు వెళ్లిపోయారు. అప్పటినుంచి తాళమే. అమ్మవారు చెంగాళమ్మ గుడికి తలుపులే లేని ఊరు మాది!

మొన్న ఆదివారం సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో మెమూ ఎక్కి వెళ్లాను. నాలుగిళ్లు తిరిగితే తాళంచెవి మాజీ కార్యదర్శి గారింట్లో, దేవుడి గూట్లో దొరికింది. లోపల ఆరు ఫ్యాన్లు. ఒక్కో రెక్క మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, తండ్రి పేరు, చెన్నైలో ఏ పేటో అదీ. అందులో ఒకటి మా ఆయనిచ్చిందే, దాచేదేముంది. ఒక ఫ్యాను పైన పిచ్చుక గూడు పెట్టింది. పిల్లలు అరుస్తున్నాయి, స్విచ్చి వేయలేదు.

అదే వీధిలో మా వదిన వాళ్ల పొదుపు సంఘం ఉంది. పది మంది. నెలకు రెండు మీటింగులు, ఆలస్యంగా వస్తే పది రూపాయల జరిమానా, తీర్మానాల పుస్తకంలో సంతకాలు. కూర్చునేది ఎవరో ఒకరి పంచలో, వానొస్తే వంటింట్లో. 1992లో మా జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకోండని పొదుపులక్ష్మి సంఘాలు పెట్టింది మా నెల్లూరు జిల్లాలోనే. (2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారనుకోండి. మా యాస ఇంకా మారలేదు.)

మా వదిన కార్యదర్శి గారితో నా ముందరే అనింది: "ఆ తాళం మాకియ్యండబ్బయ్యా. సాయంత్రం అయిదింటికి తీస్తాం, ఎనిమిదింటికి మూస్తాం. ఊడ్చే మనిషికీ కరెంటుకీ పేపరుకీ నెలకు మూడు వేలియ్యండి. లెక్క రాసి చూపిస్తాం." ఆయన తల గోక్కుని, కమిటీలో పెడతానన్నాడు. ఆ కమిటీలో సగం మంది చెన్నైలోనే ఉన్నారు.

ఇక్కడికొచ్చి చెప్తే, "జీతమిచ్చి క్లబ్బు నడిపేదేంది, అది సేవ కదా" అన్నారు. "ఆడోళ్ల చేతికి పోతే మగోళ్లు పేకాడుకునేదెట్టా" అని ఒక పెద్దాయన బాధ. పేకాడ్డానికైనా తలుపు తీసేవాళ్లు కావాలి కదన్నా అన్నాను. నవ్వారు గానీ ఆర్చి మాట వదల్లేదు. ఆ 40 వేలతో వదిన వాళ్లు ఏడాది పైన తలుపు తీస్తారు. ఆర్చికైతే అది పునాదులకే సరిపోదని మేస్త్రీ చెప్పాడు.

చెన్నై నుంచి సొంతూరి సంఘాలకు డబ్బు పంపే వాళ్లు ఈ నగరంలో చాలామందే ఉన్నారు. పంపేముందు ఫోను చేసి, ఈ సాయంత్రం తలుపు తీశారా అని అడగండి. మీకూ ఒక విన్నపం. ఇలాంటి క్లబ్బుల్లో రిబ్బను కత్తిరించిన ఫొటోలు మీ జిల్లా పేజీల్లో రోజూ వస్తుంటాయి. ఆరు నెలలాగి, ఏదో ఒక సాయంత్రం ఆరింటికి మీ విలేకరిని అదే తలుపు దగ్గరికి పంపి ఇంకో ఫొటో తీయించండి. రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
సూళ్లూరుపేట ఆడపడుచు,
పెరంబూరు, చెన్నై