యుద్ధం సినిమాల్లో ఫిరంగి అంటే ఒట్టి మంటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ సినిమా పేజీలో యుద్ధం సినిమా రివ్యూ ఎప్పుడొచ్చినా ఒక మాట గ్యారంటీగా ఉంటది, యుద్ధం సీన్లకి గూస్‌బంప్స్ వచ్చాయని. వచ్చే ఉంటాయి, అంత సౌండ్ పెడితే ఎవరికైనా వస్తాయి. కానీ ఆ ఫిరంగులు పేలే తీరు కరెక్టా కాదా అని ఎవ్వరూ రాయరు, హీరోయిన్ చీర ఆ కాలందేనా అని మాత్రం రాస్తారు. ఆర్మీ ఆర్టిలరీ సెంటర్, అంటే ఫిరంగి దళానికి ట్రైనింగ్ ఇచ్చే చోటు, 1962 నుంచి మన గోల్కొండ పక్కనే ఉంది, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇక్కడ గన్నర్లయి, అంటే ఫిరంగులు కాల్చే సిపాయిలయి పోతారు, టోలీచౌకి దాటి కాస్త పైకెళ్తే ఫిలింనగర్. గన్‌ఫౌండ్రీ అని ఏకంగా ఒక ఏరియా పేరే ఉన్న ఊరండీ ఇది, నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచాయన రేమండ్ 1795లో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. అయినా మన సినిమావాళ్ళకి ఫిరంగి ఇంకా దీపావళి సామానే.

సినిమాలో షెల్, అంటే ఫిరంగి గుండు, పడగానే నారింజ రంగు మంట ఇంతెత్తు లేస్తది చూడండి, అది పెట్రోల్ మంట, కెమెరాకి అందంగా ఉంటదని పెట్టేది. నిజంగా షెల్ పడితే ఒక్క మెరుపు, ఆ వెంటనే నల్లటి పొగ, మట్టి, రాళ్ళు, అంతే. మనిషిని చంపేది ఎక్కువగా మంట కాదు, పగిలి ఎగిరొచ్చే ఇనుప ముక్కలు. 155 ఎంఎం షెల్ 40 కిలోల పైనే బరువుంటది, అది పేలిన చోట చుట్టూ 50 మీటర్లలో నిలబడ్డోడు బతకడం కష్టం. మన హీరో మాత్రం అటొకటి ఇటొకటి పేలుతుంటే మధ్యలోంచి స్లో మోషన్‌లో నడిచొస్తాడు. సౌండ్ సంగతి చూస్తే, గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతది, అంటే 3 కిలోమీటర్ల అవతల షెల్ పడితే ముందు మెరుపు కనపడతది, చప్పుడు రావడానికి దగ్గర దగ్గర 9 సెకన్లు. ఆ 9 సెకన్లు థియేటర్‌లో ఏ మ్యూజిక్కూ లేకుండా వదిలేస్తే ఎట్లుంటదో ఊహించండి, కానీ మనోళ్ళకి మెరుపూ చప్పుడూ కలిసే రావాలి.

ఇవన్నీ పోనీ అనుకున్నా, నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. గన్ కాల్చేవాళ్ళకి చాలాసార్లు టార్గెట్ కనపడనే కనపడదు, అది కొండ అవతల ఎక్కడో ఉంటది. దాన్ని చూసేది అబ్జర్వేషన్ పోస్ట్ ఆఫీసర్, అతను కూడా ఫిరంగి దళం మనిషే, కానీ రేడియో పట్టుకుని ఇన్‌ఫాంట్రీ వాళ్ళతో, అంటే కాలిబలంతో పాటు కొండెక్కుతాడు, షెల్ ఎక్కడ పడిందో చూసి ఇంకో 200 మీటర్లు ముందుకి, 50 ఎడమకి అని వెనక్కి చెప్తాడు. పైన గాలి పల్చగా ఉంటది కాబట్టి షెల్ ఇంకా దూరం పోతది, చలి, గాలివాటం అన్నీ లెక్కలోకి తీసుకోవాలి, ఆ లెక్క తప్పితే పడేది మనవాళ్ళ మీదే. 1999లో కార్గిల్‌లో మన ఫిరంగి దళం కాల్చిన షెల్స్, మోర్టార్ బాంబులు, రాకెట్లు అన్నీ కలిపి 2.5 లక్షలని లెక్క, టైగర్ హిల్ తీసుకున్న రోజు ఒక్కరోజే 9 వేలు. ద్రాస్ దగ్గర బోఫోర్స్ గన్లని నేరుగా కొండ మీదకే గురిపెట్టి కొట్టారు. ఇదంతా సినిమాలోకొస్తే ఎంత, హీరో రేడియోలో ఫైర్ అని అరుస్తాడు, నాలుగు గన్లు పేలతాయి, కట్ చేస్తే జెండా పాతడం. 5140 అనే శిఖరానికి 2022లో ఆ గన్నర్ల గుర్తుగా గన్ హిల్ అని పేరు పెట్టారు, ఆ సంగతైనా ఎంతమందికి తెలుసు?

ఇవన్నీ చూపిస్తే బోర్ కొడతది, జనం చూడరు అంటారు. నేను ఒప్పుకోను. 2017లో ఘాజీ వచ్చింది కదా, దాదాపు సినిమా అంతా సబ్‌మెరైన్ లోపలే, సోనార్, టార్పెడో, ఎంత లోతుకి పోవచ్చు, ఇవే మాటలు, మనోళ్ళు చూడలేదా, దానికి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. సముద్రం అడుగున లెక్కలు కట్టేది చూసినోళ్ళు కొండ మీద లెక్కలు కట్టేది చూడరా? బడ్జెట్ లేదనే మాట అసలే నమ్మబుద్ధి కాదు, సగం ఖర్చు ఆ పెట్రోల్ మంటలకే పోతుందేమో అని నా డౌట్. పాటలు తీసెయ్యమని నేనట్లేదు, పెట్టుకోండి, లవ్ ట్రాక్ కూడా పెట్టుకోండి.

సర్వీస్ అయిపోయిన గన్నర్లు ఈ ఊర్లోనే ఎంతోమంది ఉన్నారు, మా లంగర్‌హౌస్‌లో మా గల్లీలోనే ఒకాయన ఉన్నాడు, పిలిస్తే రెండుసార్లు గట్టిగా పిలవాలి, గన్ల పక్కన నిలబడి నిలబడి చెవులు అట్లయ్యాయి. యుద్ధం సినిమా ఒకటొచ్చినప్పుడు మీ రివ్యూ రాసే అబ్బాయి అట్లాంటి ఒకాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసి, ఆయన చెప్పింది కూడా ఒక పక్కన బాక్స్‌లో వేస్తే మీకు పోయేదేముంది. సెప్టెంబర్ 28న గన్నర్స్ డే వస్తది, అప్పుడు అరపేజీ ఇచ్చినా చాలు. సినిమావాళ్ళకి చెప్పాలంటే మేం ఎట్లా చెప్తామండీ, మీరు రాస్తే చదువుతారు.

ఇట్లు
ఒక పాఠకుడు
లంగర్‌హౌస్, హైదరాబాద్