ఆ హాలుకి వెనక గుమ్మం ఎటువైపు, మంత్రి గారూ?

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాత రేవు స్థలంలో కడతామని మీరు ప్రకటించిన ఇండోర్ అరీనా, అంటే ఆటలకీ కచేరీలకీ కప్పున్న పెద్ద హాలు, దాని బొమ్మలు చూశాను. బాగున్నాయి. సాయంత్రపు వెలుగు, నీళ్లలో మెరిసే అద్దాల గోడ, ఒడ్డున నడిచే జంటలు, గాలిపటంతో ఒక పిల్లాడు. మొత్తం 11 బొమ్మలు. ఒక్కదాంట్లో కూడా లారీ లేదు.

నేను 16 ఏళ్లుగా పెద్ద షోలకి లైట్లు కట్టే పనిలో ఉన్నాను. అందుకే నా కన్ను ముందు లారీల కోసమే వెతికింది. ఓ మాదిరి సంగీత టూర్ కూడా పది పదిహేను లారీలతో దిగుతుంది. భారీ టూర్లయితే ఇరవై దాటుతాయి. పొద్దున్నే మాలో ఇద్దరు నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెడుతూ పోతారు, ఏ గుర్తుకి సరిగ్గా పైన బరువులెత్తే ఏ మోటారు వేలాడాలో. ఆ తర్వాత ట్రస్సులు (లైట్లు కట్టే లోహపు చట్రాలు), స్పీకర్లు, తెరలు, అన్నీ కలిపి పదుల టన్నుల బరువు కప్పుకి ఎక్కుతుంది. రాత్రి షో అయ్యాక జనం ఇంకా మెట్లు దిగుతుండగానే అదంతా దించి మళ్లీ లారీల్లోకి ఎక్కించాలి, ఎందుకంటే మర్నాడు అక్కడ బాస్కెట్‌బాల్ ఉంటుంది. ఐస్ హాకీ ఆడే హాలయితే మంచు కరిగించరు. దాని మీద చలి పైకి రాకుండా పలకలు పరిచి, ఆ పలకల మీద చెక్క కోర్టు బిగిస్తారు. మీ ప్రకటనలో ‘బహుళ ప్రయోజన’ అన్న మాట చాలాసార్లు వచ్చింది. ఆ ప్రయోజనాలన్నీ లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ వెనక గుమ్మంలోంచే.

చిక్కల్లా ఇక్కడే. మామూలు స్థలంలో హాలుకి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. నీటి ఒడ్డున కడితే నీటి వైపు ఒక ముఖం కావాలి, ఊరి వైపు ఇంకో ముఖం కావాలి. రెండు వైపులా ముఖాలే పెట్టుకున్న భవనానికి వీపు ఎక్కడుంటుంది?

అలాంటి హాల్లో నేను పని చేశాను. పేరు వద్దు. అందం చెడకూడదని లోడింగ్ గేటుని ఒడ్డున నడకదారి కింద దాచేశారు. వంపు తిరిగిన ర్యాంపు, ఒక్కసారికి ఒక్క లారీ. పొడుగు లారీ అయితే డ్రైవరు రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించాలి. మిగతావన్నీ ఒడ్డు రోడ్డు మీద ఇంజిన్లు ఆన్‌లో పెట్టుకుని వరసగా నిలబడ్డాయి. ఇలా కాదని కొన్ని ఫ్లైట్ కేసుల్ని (సామాను పెట్టే చక్రాల పెట్టెల్ని) పైన నడకదారి మీంచే తోసుకెళ్లాం. నగిషీ రాళ్ల సందులో ఒక కేసు చక్రం దిగబడింది. నలుగురం ఎత్తాం, రాలేదు, ఇంకో ఇద్దర్ని పిలిచాం. అప్పటికే తెల్లవారుతోంది. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, “ఇది మా నడకదారా, మీ గోడౌనా?” అన్నాడు. తప్పేముంది ఆయన అడిగిన దాంట్లో?

ఇక జనం సంగతి. నాలుగు వైపులా దారులున్న హాల్లోంచి జనం నలువైపులా చెదిరిపోతారు. ఒక పక్క నీళ్లుంటే ఆ పక్కకి ఎవరూ పోలేరు. మనుషులు, టాక్సీలు, అంబులెన్సు, మా లారీలు అన్నీ మిగిలిన వైపుల్లోనే ఇరుక్కోవాలి. మీటరు వెడల్పున్న సమతలమైన దారిలో నిమిషానికి దాదాపు 80 మందే సాఫీగా దాటగలరని స్టేడియాల భద్రతా లెక్కలు చెబుతాయి. 12,000 మంది 6 మీటర్ల వెడల్పున్న వంతెన మీదుగా వెళ్లాలంటే 25 నిమిషాలు, అదీ ఎవరూ ఆగి సెల్ఫీ తీసుకోకుండా ఉంటే. నీళ్లు ఎదురుగా ఉంటే సెల్ఫీ తీసుకోని వాళ్లెవరు?

అరీనా వద్దని కాదు నేను రాస్తున్నది. లివర్‌పూల్‌లో ఓడలు రావడం ఎప్పుడో మానేసిన కింగ్స్ డాక్‌లో 2008 జనవరిలో అరీనా తెరిచారు. 2023లో యూరోవిజన్ పాటల పోటీలు అక్కడే జరిగాయి, ప్రపంచమంతా ఆ రేవుని టీవీలో చూసింది. కానీ అదే చోట 2017 డిసెంబర్ 31న అరీనా పక్కనున్న బహుళ అంతస్తుల కార్ పార్కింగ్‌లో మంటలు లేచి వెయ్యికి పైగా కార్లు కాలిపోయాయి. ఆ రాత్రి హాల్లో జరగాల్సిన గుర్రాల ప్రదర్శన రద్దయింది. బూడిదైన ఆ కార్ల ఫొటోలు చూసినప్పుడల్లా ఇంతమంది కార్లలోనే ఎందుకు రావాల్సి వస్తోంది అనిపిస్తుంది నాకు.

దానికి జవాబు కొన్ని ఊళ్లు ఆలస్యంగా చెప్పాయి. డబ్లిన్‌లో 1878 నాటి రైల్వే గూడ్స్ డిపోని 1988లో కచేరీల హాలుగా మార్చారు, దాని గుమ్మం దాకా ట్రామ్ వచ్చింది మాత్రం 2009 చివర్లో. లండన్ వాళ్లు అదృష్టవంతులు. గ్రీనిచ్ ఒడ్డున మిలీనియం డోమ్ అనే పెద్ద ప్రదర్శనశాల కోసం 1999లోనే మెట్రో స్టేషన్ కట్టి ఉంచారు. 2000లో ఏడాది పొడవునా సాగిన పండగ అయిపోయాక డోమ్ ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా పడి ఉండి, 2007లో లోపల అరీనా పెట్టుకున్నాక స్టేషన్ సిద్ధంగా దొరికింది. (అక్కడ క్రేన్లు వాడే వీలు లేక, అరీనా కప్పుని నేల మీదే కట్టి పైకి లేపారు. మా పనివాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట.)

అసలు మాటకి వస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు 2012లో సరిగ్గా మీలాగే నీటి మీదికి చొచ్చుకొచ్చిన పాత రేవు గట్ల మీద అరీనా కడతామంది. ఊళ్లో పెద్ద గొడవయింది. 2014లో ఆ చోటు వదిలేసి, నీటికి కాస్త వెనగ్గా ఉన్న మిషన్ బేకి జరిగారు. 2019లో హాలు తెరుచుకుంది. ఇప్పుడు ఆ హాలుకీ నీటికీ మధ్య రోడ్డు, పార్కు ఉన్నాయి. ఈవెంట్ టికెట్ చూపిస్తే సిటీ బస్సులూ ట్రామ్‌లూ ఉచితం. పోయిందేముంది? కొన్ని గజాలు.

బెర్లిన్‌లో కథ దీనికి తలకిందులుగా నడిచింది. 2006లో అక్కడ మిగిలిన బెర్లిన్ గోడలోంచి, బొమ్మలు వేసిన భాగంలో 40 మీటర్లకు పైగా ముక్కని తీసి పక్కకి జరిపారు, కొత్త అరీనాకీ స్ప్రే నదికీ మధ్య అడ్డు లేకుండా. 2008 జులైలో ఆ జిల్లా ఓటర్లు నది ఒడ్డున 50 మీటర్లు కొత్త కట్టడాలు లేకుండా వదలాలని పెద్ద మెజారిటీతో ఓటేశారు. సెప్టెంబర్‌లో అరీనా తెరుచుకుంది. ఓటు ముందు అడిగి ఉంటే బాగుండేది.

షో లేని రోజున అరీనా అంటే నాలుగు మూసిన గోడలే. ఎంత బాగా నడిచే హాలుకైనా ఏడాదిలో అలాంటి రోజులు చాలా ఉంటాయి. ఆ రోజుల్లో నీటికి ఆనుకుని ఉన్న అద్దాల గోడ పక్కన నడిచేవాడికి తన నీడ తప్ప ఏం కనిపించదు. ఆ ఒడ్డు మీదే చిన్న దుకాణాలు, బెంచీలు, చేపలు పట్టేవాళ్లకి మెట్లు ఉంటే రోజూ ఎవరో ఒకరు వస్తారు. పైగా రాత్రిపూట నీటి మీద చల్లగాలి పేరుకుంటే శబ్దం పైకి పోకుండా కిందికే వంగి అవతలి ఒడ్డుకి చేరుతుంది. మా స్పీకర్ల దడదడ అక్కడి పడగ్గదుల్లో వినిపిస్తే తిట్లు పడేది మీకూ మాకూనే.

అందుకని నేను కోరేది ఒక్కటే. హాలుని ఒక వీధి వెనక్కి జరపండి. నీటి ముఖం జనానికి వదిలేయండి, హాలుకి ఊరి వైపు ఒక ముఖం, ఒక వీపు ఇవ్వండి. టెండర్ పిలిచే ముందు ఆర్కిటెక్టుల చేత పన్నెండో బొమ్మ ఒకటి గీయించండి. రాత్రి ఒంటిగంటన్నర, వాన పడుతోంది, 18 లారీలు, కేసులు తోస్తున్న మనుషులు, చివరి ట్రామ్ కోసం పరిగెత్తే ఒక కుటుంబం. వీళ్లంతా ఒకరికొకరు అడ్డు రాకుండా ఎటు పోతారో అందులో కనబడాలి. ఆ బొమ్మ గీసే రోజు పిలిస్తే సుద్దముక్క నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
లైట్లు కట్టే ఒక పనివాడు