మెయిల్ ఎన్‌క్రిప్షన్‌ను ఉద్యోగి జ్ఞాపకానికి వదిలేయొద్దు

సంపాదకులకు,

బెంగళూరు కంపెనీల్లో చేరే మన పిల్లలు ఆఫర్ లెటర్ అందగానే ఆధార్, పాన్, మార్కుల జాబితా, పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి హెచ్‌ఆర్‌కు మెయిల్ చేస్తారు. అక్కణ్నుంచి అవి జీతాల లెక్కలు చూసే బయటి సంస్థకు, వెరిఫికేషన్ ఏజెన్సీకి, బీమా వాళ్లకు వెళ్తాయి. చాలాచోట్ల మామూలు అటాచ్‌మెంట్లుగానే. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. తగిన భద్రత పాటించకపోతే రూ.250 కోట్ల దాకా జరిమానా. 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనలు ఎన్‌క్రిప్షన్‌ను (కీ ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేకుండా మార్చడాన్ని) పేరుపెట్టి చెప్పాయి, ముఖ్యమైన వాటి అమలుకు 18 నెలల గడువిచ్చాయి. కానీ ‘ఎన్‌క్రిప్ట్’ బటన్ చూపించి, ఓ గంట శిక్షణ ఇచ్చి, పని అయిపోయిందనుకునే కంపెనీలే ఎక్కువ. సాయంత్రం క్యాబ్ కోసం పరిగెత్తే మనిషికి ఆ బటన్ గుర్తుంటుందా?

ఆ పని సర్వరే చేయాలి. బయటికి పోయే ప్రతి మెయిల్‌నూ గేట్‌వే (మెయిళ్లు దాటిపోయే ద్వారం లాంటి సర్వర్) చదివి, రూల్‌కు తగిలితే తానే ఎన్‌క్రిప్ట్ చేయాలి. కష్టమంతా ఆ రూల్ రాయడంలోనే ఉంది. ‘12 అంకెలుంటే ఆధార్’ అని రాస్తే కొరియర్ నంబర్లూ, ఇన్వాయిస్ నంబర్లూ అన్నీ చిక్కుకుంటాయి; సేల్స్ వాళ్ల గోల భరించలేక ఐటీ వాళ్లు రూల్‌నే తీసేస్తారు. ఆధార్ 0తో గానీ 1తో గానీ మొదలవదు. దాని చివరి అంకెను వెర్‌హోఫ్ పద్ధతిలో ముందున్న 11 అంకెల నుంచి లెక్కగడతారు. ఈ రెండూ సరిచూసేలా రాస్తే తప్పుడు పట్టివేతలు దాదాపు పదో వంతుకు తగ్గుతాయి. నాలుగేసి అంకెల మధ్య ఖాళీలున్నా పట్టుకోవాలి. పాన్ సులువు: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం, వ్యక్తులదైతే నాలుగో అక్షరం ‘పి’. ఇంత చేసినా ఫోన్‌తో తీసిన ఆధార్ ఫొటో తప్పించుకుంటుంది, గేట్‌వే కంటికి అది ఉత్త బొమ్మ. బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ పెట్టాలి. అది ఖర్చనుకుంటే హెచ్‌ఆర్, పేరోల్ విభాగాల నుంచి బయటికెళ్లే అటాచ్‌మెంట్లన్నిటినీ ఏరకుండా ఎన్‌క్రిప్ట్ చేయడమే మేలు. మొదటి రెండు వారాలు ఏదీ ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఏయే మెయిళ్లు రూల్‌కు తగిలాయో లాగ్ (చిట్టా) మాత్రం రాయించి చూడాలి.

రోజూ మెయిళ్లు నడిచే పేరోల్ సంస్థ, బ్యాంకు డొమైన్లకు టీఎల్‌ఎస్ (సర్వర్ల మధ్య దారిలో మెయిల్‌ను ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) తప్పనిసరి చేయాలి. మామూలు అమరికలో అవతలి సర్వర్ టీఎల్‌ఎస్ లేదంటే మెయిల్ చడీచప్పుడు లేకుండా బాహాటంగా పోతుంది. లోపలికొచ్చే వాటికి, ‘మాకు టీఎల్‌ఎస్‌తోనే పంపండి’ అని అవతలి సర్వర్లకు చెప్పే ఎంటీఏ-ఎస్‌టీఎస్ ఉంది, 2018లో ప్రమాణమైంది. డీఎన్‌ఎస్‌లో (డొమైన్ల చిరునామా పుస్తకంలో) ఓ టీఎక్స్‌టీ రికార్డు, వెబ్‌లో ఓ చిన్న పాలసీ ఫైలు, అంతే. మొదట ‘టెస్టింగ్’లో ఉంచి, రిపోర్టులు చూసుకుని ‘ఎన్‌ఫోర్స్’కు మార్చాలి. తర్వాత మెయిల్ సర్వర్ మార్చి పాలసీ ఫైలు మార్చడం మరిచిపోతే, ఆ పాలసీని పాటించే వాళ్లు పంపిన మెయిళ్లు ఆగిపోతాయి. ఫైలు మార్చి రికార్డులోని ఐడీ మార్చకపోయినా అదే తంటా, వాళ్ల దగ్గర పాత పాలసీయే ఉండిపోతుంది.

ఉద్యోగి కంప్యూటర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌మైమ్‌ను అందరికీ పెట్టాలని కొందరు పట్టుబడతారు. న్యాయ విభాగానికి, డైరెక్టర్లకు చాలు. అలా వెళ్లే మెయిల్‌ను గేట్‌వేలోని వైరస్ స్కానర్ చూడలేదు. డీక్రిప్ట్ చేసే కీ కాపీ కంపెనీ దగ్గర భద్రంగా లేకపోతే, ఉద్యోగి మానేసి ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయిన రోజున పాత మెయిళ్లన్నీ గల్లంతే. మెయిల్ పంపింది తానేనని చూపే డిజిటల్ సంతకం కీకి మాత్రం కాపీ ఉంచకూడదు. సర్టిఫికెట్ (కీ ఎవరిదో చెప్పే డిజిటల్ పత్రం) కొత్తది తీసుకున్నా డీక్రిప్ట్ చేసే పాత కీ పారేయొద్దు. సబ్జెక్ట్ లైన్ మాత్రం ఎన్‌క్రిప్ట్ కాదు, అక్కడ పాన్ నంబర్ రాసే అలవాటు మాన్పించాలి.

ఇక పుట్టినతేదీ పాస్‌వర్డ్‌గా పెట్టిన పీడీఎఫ్ పేస్లిప్పుల సంగతి. అరవై ఏళ్ల తేదీలన్నీ కలిపినా 22 వేలలోపే. సాఫ్ట్‌వేర్‌తో వరసగా ప్రయత్నించేవాడికి అదెంతసేపు? దాన్ని ఎన్‌క్రిప్షన్ అని ఆడిట్‌లో టిక్కు పెట్టడం ఆపాలి.

పెద్ద కంపెనీలకు ఇవన్నీ చేసే మనుషులున్నారు. పీణ్య పారిశ్రామిక ప్రాంతంలో ముప్పై మందితో నడిచే యూనిట్‌కు లేరు. వాళ్లు కొనే చౌక మెయిల్ ప్లాన్లలో ఈ సదుపాయాలు సాధారణంగా ఉండవు కూడా. చిన్న యూనిట్ల సంఘాలు ఉమ్మడిగా ఒక గేట్‌వే సేవ కొని, రూల్స్ ఒక్కసారి సరిగ్గా రాయించి సభ్యులందరికీ ఇవ్వాలి. కర్ణాటక ఐటీ శాఖ అందుకయ్యే ఖర్చులో కొంత భరించాలి.

— మెయిల్ సర్వర్ల నిర్వహణలో పనిచేసే కొందరు పాఠకులు,
మారతహళ్లి, బెంగళూరు