డ్రంక్ అండ్ డ్రైవ్‌లో బండ్లు పట్టుకెళ్లడం ఆపించండి: తెలంగాణ డీజీపీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తాగి నడిపేవాళ్లను వదిలేయమని అడగడం లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు పెట్టండి. బ్రెత్ ఎనలైజర్‌లో ఊదనని మొండికేయమని కూడా మేం ఎవరికీ చెప్పం. అనుమానానికి కారణం ఉండి ఊదకపోతే అరెస్టు చేయొచ్చని అదే చట్టం సెక్షన్ 203లోనే ఉంది. మా గోడంతా బండి గురించి.

తాగాడన్న ఒక్క కారణంతో బండి సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని 2021లోనే తెలంగాణ హైకోర్టు చెప్పింది. పక్కన తాగని మనిషి, లైసెన్సున్నవాడు ఉంటే తాళాలు అతనికివ్వాలి. లేకుంటే ఇంటివాళ్లనో స్నేహితులనో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే బండి స్టేషన్‌కు పోవాలి, అదీ భద్రపరచడానికి. ఆర్సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపిస్తే తిరిగిచ్చేయాలి. బండిని నిలిపి ఉంచే సెక్షన్ 207లో లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకపోవడం ఉన్నాయి. 185 లేదు.

రోడ్డు మీద జరిగేది వేరు. తమ్ముడు ఇరవై నిమిషాల్లో వస్తున్నాడని ఫోన్ చూపిస్తున్నా ముందు తాళాలు గుంజుకుంటారు. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోంది, ట్యాంకులో ఎంతుంది, ఎక్కడ సొట్ట ఉంది, ఇవేవీ రాసిన కాగితం చేతికివ్వరు. తర్వాత కౌన్సెలింగ్, కోర్టు తేదీ, జరిమానా రసీదు. అన్నీ అయ్యాకే బండి అంటారు. అప్పటిదాకా ఆటో ఎండకు ఎండి, వానకు తడుస్తుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. కిరాయి ఆటో అయితే చుక్క ముట్టని యజమాని కూడా నష్టపోతాడు.

పరీక్ష సంగతీ చూడండి. కొత్త పైపు కవరు డ్రైవరు ఎదుటే చింపాలి. ఊదించే ముందు బ్రెత్ ఎనలైజర్ సున్నా చూపాలి. ఇప్పుడే తాగినా, మౌత్‌వాష్ పుక్కిలించినా నోట్లో మిగిలిన ఆల్కహాల్ అంకెను పెంచేస్తుంది; 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తే అసలు రీడింగ్ తెలుస్తుంది. 32, 35 వచ్చినవాళ్లకు ఆ పావుగంటే కేసు ఉండడం, లేకపోవడం. అరెస్టు చేస్తే 2 గంటల్లో డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి. సెక్షన్ 202 చెప్పేది అదే.

ఎన్ని వినతులు వెళ్లినా జవాబు లేదు. దయచేసి ఒక్క సర్క్యులర్ ఇవ్వండి: బండి తీసుకెళ్లేవాడు వచ్చేదాకా ఆగాలని, తప్పక స్టేషన్‌కు తరలిస్తే అక్కడికక్కడే రసీదు ఇవ్వాలని, కాగితాలు చూపిన రోజే బండి వదలాలని. హైకోర్టు మాటే, మీ సంతకంతో ప్రతి చెక్‌పాయింట్‌కూ చేరేలా చూడండి.