ఆ ఓటీపీ నాదే, ఫోను మాత్రం ఇంకొకరిది

సంపాదకుడు గారికి,

విదేశాలకు వెళ్లేవారు ఫోను నంబరును ఎలా కాపాడుకోవాలో పోయిన నెలాఖరు ఆదివారం మీ జిల్లా పేజీలో రాశారు. ‘వెళ్లే ముందు రీఛార్జి చేయించుకుంటే సరి’ అని నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. ఇన్నాళ్లూ బ్యాంకుకూ ఆధార్ కేంద్రానికీ మధ్య తిరగడంతోనే సరిపోయింది.

కోడలి పురుడుకని మేమిద్దరం జనవరిలో మెల్‌బోర్న్ వెళ్లి నవంబరులో తిరిగొచ్చాం. నా భార్య నంబరుకు కాజీపేటలో ఉన్న మా అమ్మాయి రీఛార్జి చేయిస్తూ వచ్చింది. నాది నేనే చూసుకుంటానన్నాను. అక్కడ దిగగానే అబ్బాయి ఆ దేశపు సిమ్ వేసి ఇస్తే, నా సిమ్‌ను గుడ్డముక్కలో చుట్టి కళ్లజోడు డబ్బాలో దాచాను. పది నెలల తర్వాత తీసి చూస్తే సిమ్ ఉంది, నంబరు లేదు.

వాడకం లేకుండా 90 రోజులు గడిస్తే ప్రీపెయిడ్ నంబరును తీసేయవచ్చట. ఫోను ఖాతాలో 20 రూపాయలు ఉంటే మాత్రం తీయకూడదని టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2013లోనే చెప్పిందట. నా ఖాతాలో ఉన్నవి 7 రూపాయలు. పదమూడు రూపాయల తేడాతో పందొమ్మిదేళ్ల నంబరు పోయింది! ముందుగా ఒక్క మాట చెప్పవచ్చు కదా అని దుకాణంలో అడిగితే, చెప్పారట. హెచ్చరిక సందేశం పంపారట. ఎక్కడికి? ఆ నంబరుకే! అదీ ఇంగ్లీషులో. తెలుగునాట వ్యాపారం చేసే కంపెనీలకు తెలుగులో రెండు వాక్యాలు రాయించే స్తోమత లేదు కాబోలు.

తీసేసిన నంబరును కనీసం 90 రోజులు ఆగాకే ఇంకొకరికి ఇస్తారని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ మాట మాత్రం కంపెనీవాళ్లు నిలబెట్టారు. నా నంబరుకు ఫోను చేస్తే మహబూబాబాద్ వైపు కుర్రవాడెవరో ఎత్తాడు. నా పింఛను పడినట్టు నెలనెలా అతనికే సందేశం వస్తోందట. గ్యాసు బండ వచ్చిందనీ, బీమా వాయిదా కట్టాలనీ అన్నీ అతనికే. మా మనవడి బారసాల నాటి శుభాకాంక్షలు కూడా అతనికే చేరాయి. పాపం, కొందరికి ధన్యవాదాలు కూడా చెప్పాడట.

ఇక బ్యాంకు సంగతి. నంబరు మార్చాలని ఫారం నింపి ఇస్తే, కౌంటరులోని అమ్మాయి కంప్యూటర్ నుంచి కళ్లు తిప్పకుండా, “పాత నంబరుకు ఓటీపీ వచ్చింది, చెప్పండి సార్” అంది. ఆ నంబరు పోయిందనే కదమ్మా వచ్చాను అంటే, “సిస్టమ్ అడుగుతోంది సార్” అంది. చేసేదేమీ లేక, వెనుక పదిమంది నిలబడి వింటుండగా, నా భార్య ఫోను నుంచి ఆ కుర్రవాడికి ఫోను చేశాను. బాబూ, ఇప్పుడు నీకు ఆరు అంకెలు వచ్చాయి, చదువు అన్నాను. “ఎవరికీ చెప్పవద్దని ఇందులోనే రాసి ఉంది కదా సార్!” అని పెట్టేశాడు. ముప్పై ఐదేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, అతన్ని తప్పు పట్టలేను. మొన్నమొన్నటిదాకా ఫోను కలిసే ముందు ప్రభుత్వం వినిపించిన ఉపన్యాసం అతనొక్కడికైనా తలకెక్కింది.

రద్దయిన నంబర్ల జాబితా చూసుకుని ఖాతాలు సరిచేసుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలోనే బ్యాంకులకు చెప్పింది. నేను ఆ మాట ఎత్తితే మేనేజరు గారు నవ్వి, ముందు ఆధార్‌లో నంబరు మార్చుకుని రమ్మన్నారు. 75 రూపాయలు కట్టి అక్కడ కూర్చుంటే వేలిముద్ర పడలేదు. సుద్దముక్క పట్టి అరిగిన వేళ్లాయె. నాలుగో వేలు పడింది.

విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చు కదా అని మా అబ్బాయి అంటాడు. ఆస్ట్రేలియాతో సహా కొన్ని దేశాల నంబర్లకు ఆ వీలు ఉంది, కానీ ఎన్నారై ఖాతాలకే. పది నెలలు మనవడిని ఎత్తుకుని వచ్చిన పింఛనుదారు ఏ లెక్కలోకీ రాడు. కేవలం మాటలకూ సందేశాలకూ ఏడాది దాకా గడువుండే రీఛార్జిలు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. నేను మొన్న కొత్త సిమ్ తీసుకున్న దుకాణంలో అలాంటిది ఉందని ఎవరూ చెప్పలేదు. రోజుకు రెండు జీబీ డేటా అంటగట్టారు. డెబ్బై ఏళ్లవాడిని, ఏం చేసుకోవాలి?

నాకంటే ఇక్కడ కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, తిరిగాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి రెండేళ్ల ఒప్పందం మీద గల్ఫ్ వెళ్లినవాడి గతి ఏమిటి? సెలవు దొరకదు, ఓటీపీ రాదు. ఎన్నికలప్పుడు గల్ఫ్ కార్మికుల కోసం కన్నీరు పెట్టే నాయకులు ఈ ముక్క ఎక్కడైనా ఎత్తారా?

ల్యాండ్‌లైన్ రోజుల్లో ‘సేఫ్ కస్టడీ’ అని ఉండేది. ఎక్స్ఛేంజిలో అర్జీ పెట్టి కొద్దిగా రుసుము కట్టి ఊరెళితే, తిరిగి వచ్చేదాకా నంబరు మన పేరునే ఉండేది. వీసా చూపించిన ప్రీపెయిడ్ వినియోగదారుకు ఆ సదుపాయం ఇవ్వడానికి ట్రాయ్‌కి అడ్డేమిటి? హెచ్చరికలు ఇంట్లోవాళ్ల నంబరుకు కూడా పంపడానికి ఎంత ఖర్చవుతుంది?

కవరు మీద రాసిన నంబరు నా భార్యది. సందేహాలుంటే దానికే ఫోను చేయండి. మీ కార్యాలయంలో నా పాత నంబరు ఉంటే దయచేసి కొట్టివేయండి. ఆ కుర్రవాడు ఇప్పటికే విసిగిపోయి ఉన్నాడు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ